పుల్లటి ముసురు

కాలుష్యం కొలిచే నౌకరీల కొత్తగా చేరెటోళ్లకు తెల్లకోటు, గాజు సీసాలు, మిలమిల మెరిసే మిషన్లు కండ్లల్ల మెదుల్తయి. ముప్పై ఏండ్లు చేసి దిగిపోయిన నాకైతే ముందుగాల పావురాలు యాదికొస్తయి.

తెలంగాణ వచ్చిన కొత్తల నన్ను నల్లగొండ ఆఫీసుకు వేసిండ్రు. గాలి, నీళ్లు, వాన, ఈ మూడు కొలవాలె. గాలి కొలిచే మిషను రిపేరుకు పోయి ఉండె. నేను దిగిపోయేదాక అది తిరిగి రాలే. నీళ్ల శాంపిల్ తేవాలంటే జీపు గావాలె, జీపు ఎప్పుడు చూసినా పెద్దోళ్ల యాదగిరిగుట్ట దర్శనాల మీద ఉండె. వాన ఒక్కటే ఎవరి సంతకం లేకుండ మా డాబా మీదికొస్తుండె. డాబా మీద ఒక గరాటు, దాని కింద సీసా. వాన పడంగనే సీసా దించి, దాని పీహెచ్ కొలిచి రిజిస్టర్ల రాసుడు నా పని.

పీహెచ్ అంటే భయపడే ముచ్చటేం గాదు. ఏడు అంటే నీళ్లల్ల పులుపూ లేదు, చవుడూ లేదు. ఏడు కంటె కిందికి దిగినకొద్ది పులుపు. ఒక్క మెట్టు దిగితే పది రెట్లు పెరుగుతది, అది మరువొద్దు. మచ్చలేని వాన గూడ గాలిలున్న బొగ్గుపులుసు వాయువును ఇంత కరిగించుకొని అయిదున్నర దగ్గర ఉంటది. కాబట్టి ఆరు వచ్చిందని ఎవరూ పరేషాన్ గావొద్దు.

మా వాన మాత్రం ఎప్పుడు చూసినా ఏడుకు పైనే. మా ఇంజినీరు సుధాకర్ సారు హైదరాబాద్ మీటింగులకు పోయి, "మా నల్లగొండ వానంత శుద్ధమైన వాన రాష్ట్రంలనే లేదు" అని ఛాతీ విరుచుకొని చెప్పొస్తుండె. రెండేండ్లు నేనూ నమ్మిన. ఒకనాడు గరాటు కడుగుదామని డాబా ఎక్కితే, దాని అంచు మీద ఆరు పావురాలు వరసగ కూసొని ఉన్నయి. పావురాల రెట్టల అమ్మోనియా ఉంటది, అది పులుపును విరగ్గొడుతది. అంటే రెండేండ్ల సంది మేము కొలిచింది వానను గాదు, పావురాల దయను.

సారుకు చెప్పిన. ఆయన "పావురాలు గూడ పర్యావరణమే గదా నర్సింహా" అన్నడు. గరాటు జరుపుమని మాత్రం అనలే. నేనే జరిపిన.

కొమురయ్య తెచ్చిన ఆకు

ఆ ఏడే వానకాలంల కొమురయ్య మా ఆఫీసు మెట్లెక్కిండు. కట్టంగూరు దిక్కు చిన్న ఊరు ఆయనది. గొర్లు కాస్తడు, రెండెకరాల చెలకల ఆముదం వేస్తడు. నా వయసోడే. భుజం మీది తువ్వాల విప్పి, అందులకెల్లి ఒక ఆముదపాకు తీసి బల్ల మీద పెట్టిండు. ఆకు నిండ గోధుమరంగు మచ్చలు. కొన్ని మచ్చలు నడుమ చిల్లులు పడి ఉన్నయి.

"వ్యవసాయమోళ్లకు సూపెట్టినవా?" అని అడిగిన.

"సూపెట్టిన. పురుగన్నరు. మందు కొట్టిన. పురుగుంటె గద సారూ సచ్చేటందుకు? పురుగు అంచు వట్టుకొని కొరుకుతది. ఇది నడిమిట్ల సూది గాల్చి పెట్టినట్టున్నది."

"పెద్ద వాన పడ్డప్పుడైతాందా?"

"పెద్ద వానకు ఏం గాదు. ముసురు పట్టి సన్న తుప్పర పడ్తది సూడు, ఫ్యాక్టరీ పొగ మా దిక్కు వంగి ఉంటది సూడు, గప్పుడైతది. నాలుకకు గూడ పుల్లగ తగుల్తది."

"వాన నీళ్లు నాకినవా కొమురయ్యా?"

"నాకుడెందుకు సారూ? గొర్ల ఎనుక నడుస్తుంటె అదే నోట్ల వడ్తది."

ఆయన చెప్పే ఫ్యాక్టరీ కట్టంగూరు రోడ్డు పక్కనే ఉంటది. రసాయనాలు చేస్తరు. పెద్ద బాయిలరు ఉంది. దొరికిన కాడికి చౌక బొగ్గు తెచ్చి మండిస్తరు. చౌక బొగ్గుల గంధకం ఎక్కువ. గంధకం మండితే వచ్చే వాయువు మబ్బుల తేమతోని కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం అయితది. బాయిలర్ల మంటకు, లారీల పొగకు పుట్టే నత్రజని వాయువులు నైట్రిక్ ఆమ్లం అయితయి. రెండూ కలిసి వానల దిగుతయి. పెద్ద వానల నీళ్లెక్కువ కాబట్టి పులుపు పలుచబడ్తది. ముసురుల చుక్క చిన్నది, మెల్లగ దిగుతది, ఆకు మీద నిలుస్తది. పులుపంత ఆ చిన్న చుక్కలనే. కొమురయ్యకు ఈ రసాయనశాస్త్రం తెల్వదు. మాకు తెలుసు. ఫరకు ఏందంటే, ఆయన వానల నిలబడి చూసిండు, మేము కుర్చీల కూసొని చదువుకున్నం.

సారు దగ్గరికి ఆకు పట్టుకపోయిన. ఆయన కండ్లద్దాలు తీసి, ఆకును అటిటు తిప్పి చూసిండు. "వాన దేవుని డిపార్టుమెంటయ్యా. మనం మన డిపార్టుమెంటు చూసుకుందాం" అన్నడు.

నా సీసా

ఇప్పుడు నా తప్పు చెప్త. పుస్తకాలల్ల ఇది ఉండదు, జర మంచిగ వినుండ్రి.

సారు కాదన్నా నేను బస్సెక్కి కొమురయ్య చెలకకు పోయిన. ముసురు పట్టి ఉండె. తుప్పర పట్టి సీసా నింపుకొని వచ్చి కొలిస్తే మూడు చిల్లర వచ్చింది. నిమ్మకాయ నీళ్లకు దగ్గర్ల ఉన్నట్టు! ఆనందంల నాకు అన్నం సయించలే. వెంటనే రిపోర్టు రాసి పంపిన. నన్ను నేనే మెచ్చుకున్న, ఎందుకంటే మా ఆఫీసుల మెచ్చుకునే పని చేసెటోళ్లు ఇంకెవరూ లేకుండె.

కలెక్టరాఫీసుల మీటింగు పెట్టిండ్రు. ఒక దిక్కు మేము, ఒక దిక్కు ఫ్యాక్టరీ మేనేజరు, ఆయన హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న నిపుణుడు. వెనుక కుర్చీల కొమురయ్య, ఊరోళ్లు నలుగురు. ఆ నిపుణుడు మెత్తటి మనిషి. గొంతు గూడ లేపలే.

"సార్, మీ సీసాలు ఎట్ల కడుగుతరు?"

"ముందు ఆమ్లంతోని కడిగి, తర్వాత శుద్ధమైన నీళ్లతోని కడుగుతం" అన్న.

"శుద్ధమైన నీళ్లతోని ఎన్నిసార్లు?"

చాలాసార్లు కడగాలె. బస్సు పోతదని ఆనాడు నేను సీసాలన్నీ ఒక్కసారే కడిగిన. ఆయన నా పెట్టెలనే ఉన్న, ఆనాడే కడిగిన ఇంకో ఖాళీ సీసా అడిగి తీసుకున్నడు. దాంట్ల శుద్ధమైన నీళ్లు పోసి, అందరి ముందల పీహెచ్ కొలిచిండు. మూడు చిల్లర వచ్చింది.

"ఆమ్లవర్షం పడుతున్న మాట నిజమే సార్. కాకపోతే మీ ప్రయోగశాలల పడుతున్నది" అన్నడు.

అందరు నవ్విండ్రు. సుధాకర్ సారు గూడ నవ్విండు, జర ఎక్కువనే నవ్విండు. బయటికొచ్చినంక కొమురయ్య నా పక్కన నిలబడి నెమ్మదిగ అడిగిండు.

"నేనైతె అబద్దం చెప్పలే గద సారూ?"

"లేదు కొమురయ్యా. నువ్వు చెప్పింది నిజమే. నేను దాన్ని అబద్దం చేసిన."

నాకు ఒక మెమో వచ్చింది. మెమోతోని ఎవరూ సచ్చిపోరు. కొమురయ్య తమ్ముడు ఆ ఫ్యాక్టరీలనే మూటలు మోస్తుండె, ఆయనను మాత్రం పనిలకెల్లి తీసేసిండ్రు. ఊర్లె కొమురయ్యను చూసి "వచ్చిండు వానల పంతులు" అని ఎక్కిరిచ్చుడు మొదలైంది. నేను సక్కగ కడగని సీసాకు వాళ్లింట్ల పొయ్యి మీదికి గిన్నె తక్కువైంది. మనం రాసే ఒక్క అంకె వెనుక ఎవడో ఒకడు నిలబడి ఉంటడు. ఆ అంకె కూలితే మీద పడేది వాని మీదనే.

తొలకరి సర్టిఫికెట్టు

మరుసటేడు మళ్ల మొదలుపెట్టిన. ఈసారి సారు అడ్డం చెప్పలే, ఒక్క షరతు పెట్టిండు. "తొలకరిల శాంపిల్ తీసి ముగించు. జూన్ దాటొద్దు."

ఆయన తెలివి నాకు అప్పుడు అర్థమైంది. ఎండకాలమంత మా గాలిల దుమ్ము నిలిచి ఉంటది. మా జిల్లా దుమ్ముల సున్నపురాయి పొడి కలిసి ఉంటది. తొలకరి ఆ దుమ్మునంత కడుక్కొని దిగుతది, సున్నం పులుపును విరగ్గొడుతది. అందుకని తొలకరి వాన ఎక్కడ కొలిచినా మంచిగనే ఉంటది. రెండు నెలలు వానలు పడి గాలిల దుమ్ము అణిగినంక, పులుపును విరగ్గొట్టే దిక్కు లేనప్పుడు, అప్పుడు కొలవాలె. మా ఆఫీసుల ఎన్ని రిపోర్టులు తిరగేసినా అన్నీ జూన్ నెలవే. ఆగస్టుల వచ్చే దొంగకు మేము జూన్‌ల కాపలా కాసినం.

జూన్‌ల కొలిచిన. సారు ఖుషీ అయిండు. తర్వాత సెలవు పెట్టి ఆగస్టుల గూడ కొలిచిన. మూడు జాగలల్ల బకెట్లు పెట్టిన. ఒకటి గాలి వచ్చే దిక్కు, ఫ్యాక్టరీకి పడమర. ఒకటి కొమురయ్య చెలకల. ఒకటి నల్లగొండల, పావురాలకు అందని జాగల. ప్రతి చోట ఒక సీసాల ఉత్త శుద్ధమైన నీళ్లు పోసి పెట్టిన, సీసా మీద ఎవడన్న మాటంటే అది సాక్ష్యం చెప్తదని. తుప్పర మొదలైతే మూత తీసుడు, ఆగితే మూత పెట్టుడు కొమురయ్య నేర్చుకున్నడు. నాకన్న పద్ధతిగ చేసిండు.

పడమర దిక్కు వాన, నల్లగొండ వాన రెండూ అయిదున్నర పైన్నే ఉన్నయి. కొమురయ్య చెలకల నాలుగుకు జర పైన. సాక్షి సీసా శుభ్రంగ ఉంది. వాన నీళ్లల్ల గంధకం గుర్తు గూడ దొరికింది.

కొమురయ్య ఊర్ల ఇండ్ల మీది రేకులు చూసిన. మూడేండ్ల రేకులు ముప్పై ఏండ్ల లెక్క తుప్పు పట్టి ఉన్నయి. బండ మీది దొనకు, అంటే వాన నీళ్లు నిలిచే రాతిగుంటకు తీసుకపోయిండు కొమురయ్య. అది నల్లరాతి బండ, సున్నం ముక్క ఉండదు, వాన నీళ్లు తప్ప వేరే నీళ్లు రావు. అందులున్న నత్తల గుల్లలు వేలితోని నొక్కితే కాగితం లెక్క విరిగినయి. చెలక మట్టిల గూడ చెట్టుకు బలమిచ్చే కాల్షియం, మెగ్నీషియం పులుపుకు కరిగి కొట్టుకపోతున్నయి. ఇయ్యాల పడ్డ ఆకు మచ్చ మల్లేడు కొత్తాకు వస్తే మాసిపోతది. మట్టికైన లోటు అట్ల పోదు.

కొమురయ్య నాలుగు గొర్రెపిల్లలు ఆ ఏడే సచ్చినయి. అదీ వాన పనేనని రాయమన్నడు. గొర్లు తాగే కుంట నీళ్లు కొలిచిన. ఏడు పైన ఉంది. కుంట అడుగున సున్నపు మన్నుంది, పులుపును అదే మింగింది. పశువుల డాక్టరును అడిగితే, గొర్రెపిల్లలు సచ్చింది రోగంతోని అన్నడు. అట్లనే రాసిన.

"నువ్వు గూడ ఆళ్ల దిక్కేనా సారూ?" అన్నడు. రెండు వారాలు నా ఫోను ఎత్తలే. ఫ్యాక్టరీ చేసిన పాపం ఫ్యాక్టరీ మీద రాయాలె, చెయ్యనిది రాయొద్దు. ఒక్క అబద్దం కలిపితే ఆ మెత్తటి నిపుణుడు వచ్చి దాన్నే పట్టుకుంటడు, ఉన్న నిజాలన్నీ దాంతోని కొట్టుకపోతయి. ఇది కొమురయ్యకు తర్వాత సమజైంది. నన్ను క్షమించిండా అంటే, అది ఆయన ఎన్నడూ చెప్పలే.

సున్నం బస్తాలు

రిపోర్టు సారు బల్ల మీద నెల రోజులు పడుకున్నది. దాన్ని లేపింది నేను గాదు, సారు కొత్త కారు. ఒకనాడు ఆయన ఆ ఫ్యాక్టరీకి మర్యాదకు పోయి, ముసురుల కారు ఆరుబయట పెట్టిండు. ఇంటికొచ్చినంక చూస్తే బానెట్ నిండ మచ్చలు. తెల్లారి నన్ను పిలిచిండు.

"నర్సింహా, ఇది ఘోరం! దీన్ని ఊకె వదలొద్దు!"

ఆకు మీద పడితే పురుగు, కారు మీద పడితే కాలుష్యం. ఏదైతేంది, సంతకం పడ్డది.

తనిఖీకి పోయినం. మేనేజరు కొబ్బరిబొండాలు కొట్టిచ్చి ఎదురొచ్చిండు. పొగ కడిగే మిషను చూపెట్టిండు. సున్నం నీళ్లు పిచికారి కొట్టి పొగల గంధకాన్ని పట్టుకునే మిషను అది. ఆనాడు మంచిగ తిరుగుతున్నది. కొత్త పెండ్లికొడుకు లెక్కనే ఉంది, దండ ఒక్కటే తక్కువ.

"ఏడాది పొడుగూత నడుస్తది సార్" అన్నడు మేనేజరు.

"మంచిది. సున్నం ఏడ పెడతరు?" అని అడిగిన.

గోదాముకు తీసుకపోయిండు. బస్తాలు వరసగ పేర్చి ఉన్నయి. ఒక దాని మీద చెయ్యి వేస్తే రాయి తగిలింది. తేమకు గట్టిపడి అన్నీ బండలైనయి. మీద సాలెగూళ్లు.

"రోజూ వాడే సున్నం బండ ఎట్లైంది సార్?"

"అది పాత స్టాకు."

"కొత్త స్టాకు?"

మేనేజరు బయటికి చూసిండు. నేనూ అటే చూసిన. ఫ్యాక్టరీ చుట్టు గోడ కొత్తగ సున్నం కొట్టి తెల్లగ మెరుస్తున్నది. దాని మీద ఆకుపచ్చ రంగుల 'ప్రకృతిని కాపాడుదాం' అని రాసి ఉంది.

చిమ్నీ

నా రెండో తప్పు ఇక్కడున్నది. మొదటి తప్పుకు నవ్విండ్రు, దీనికి శాలువా కప్పిండ్రు. అందుకే ఇదే పెద్ద తప్పు.

రిపోర్టు చివర సూచనలు రాయాలె. పొగ కడిగే పంపు తిరిగితేనే బాయిలరు అంటుకునేటట్టు తాళం పెట్టాలని రాసిన. అది చాలు. గని ఒక్కటే సూచన ఉంటే రిపోర్టు పలుచగ కనవడ్తదని, "లేదా చిమ్నీ ఎత్తు పెంచాలి" అని కింద ఇంకో వాక్యం చేర్చిన. పుస్తకాలల్ల అట్లనే ఉంటది మరి.

'లేదా' అన్న మాటను ఫ్యాక్టరీ కండ్లకద్దుకున్నది. ఆరు నెలల్ల చిమ్నీని ఆకాశానికి లేపిండ్రు. పూజ చేసిండ్రు. మమ్ముల పిలిచి శాలువాలు కప్పిండ్రు. పొగ కడిగే పంపు మళ్ల నిద్రపోయింది.

ఆ వానకాలం కొమురయ్య ఆముదానికి మచ్చ రాలే. తమ్మున్ని మళ్ల పనిల పెట్టుకున్నరు. కొమురయ్య గంపెడు సీతాఫలాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "గిప్పుడు నన్నెవ్వడు పంతులు అంటలేడు సారూ" అన్నడు. ఆ పండ్లు తిన్న. తీపిగ ఉన్నయి. నా నౌకరీ సార్థకమైందనుకున్న.

సోమక్క ఊరు

ఇంకో రెండేండ్లకు, నేను దిగిపోవుడు దగ్గరవడ్డంక, మోత్కూరు పోయే దిక్కు నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. గుట్ట మీది ఊరు. సోమక్క అనే ఆమె పెట్టింది. గోగాకు, టమాట పండించి మోత్కూరు అంగట్ల అమ్ముతది. దరఖాస్తు తోని ఒక ఎండిన గోగాకు జతచేసి ఉంది. ఆకు నడిమిట్ల మచ్చలు. ఆ మచ్చలను నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడ్తరు?

పోయిన. సోమక్క నన్ను మడి దాక తోలుకపోయింది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు.

"పోయినేటికి ముందల మా ఊర్ల గిది లేకుండె సారూ. గీ ముసురుకు ఏమైందో ఏమో. మచ్చలాకును అంగట్ల ఎవ్వరు ముట్టుకుంటలేరు. కట్టలు కట్టలే మేకలకేస్తున్న."

మడి గట్టు మీద నిలబడి అటు చూసిన. దూరంగ ఆ చిమ్నీ. దాని కొన సక్కగ మా కండ్ల ఎత్తుకు ఉంది. పొగ కిందికి వంగుత లేదు, చెదురుత లేదు, గీత గీసినట్టు గుట్ట దిక్కు వస్తున్నది. పాత చిమ్నీ పొగ పల్లంల కొమురయ్య మీద పడుతుండె. నేను దాన్ని లేపి, గుట్ట మీది సోమక్కకు పంపిన. గుట్ట ఎంత ఎత్తుందని మ్యాపు చూడాలన్న బుద్ధి గూడ పుట్టలే నాకు. పైగ గుట్టంత నల్లరాయి, పులుపును మింగే సున్నపు మన్ను ఇక్కడ లేదు.

"అక్కా, ఈ పొగను మీ ఊరికి పంపింది నేనే" అన్న.

ఆమె నన్ను కింది నుంచి మీది దాక చూసింది. "నువ్వు ఆడ నౌకరి చేస్తవా?"

"లేదు. దాన్ని ఆపే నౌకరి చేస్తున్న."

ఆమె వంగి మచ్చలాకు తెంపుడు మళ్ల మొదలుపెట్టింది. నేను పక్కన కూసొని తెంపిన. ఇంకేం చేయాల్నో నాకు తోచలే.

ఒక ముసురు కాలమంత శాంపిళ్లు తీసి రెండో రిపోర్టు రాసిన. మొదటి రిపోర్టుల చిమ్నీ గురించి రాసిన సూచన తప్పని, ఆ తప్పు నాదని, చిమ్నీ పెంచితే పులుపు తగ్గదు, ఊరు మారుతదని రాసిన. పంపుకు తాళం ఒక్కటే సూచన, ఈసారి 'లేదా' లేదు.

సుధాకర్ సారు చదివి తల పట్టుకున్నడు. "సర్వీసు ఆఖర్ల అందరు సన్మానం కోసం చూస్తరు. నువ్వేందయ్యా, నీ మీద నువ్వే చార్జిషీటు రాసుకున్నవు?" అయినా సంతకం పెట్టిండు. ఎందుకు పెట్టిండో ఇప్పటికీ నాకు తెల్వదు. ఆ ఏడు ఆయన కారుకు మచ్చలు గూడ లేవు. మనిషిని పూర్తిగ తీసిపారేయొద్దని నేను అప్పుడు నేర్చుకున్న.

ఆ నెలనే నేను దిగిపోయిన.

మల్లేడు వానకాలం, ముసురు పట్టి నాలుగు రోజులైంది. ఇంట్ల కూసొని చాయ తాగుతుంటె సోమక్క ఫోను చేసింది.

"సారూ, గోగాకు మంచిగున్నది. ఒక్క మచ్చ లేదు. పంపుకు తాళమేదో పెట్టిండ్రంట గద, పొగ గూడ తెల్లగ అస్తాంది."

నా గుండె మీది బరువు దిగింది. "చాల సంతోషమక్కా" అన్న.

"ఒక్క మాట అడుగుత, కోపానికి రావద్దు. మా ఊర్లకెల్లి అయితె పోయింది. ఇప్పుడు ఏ ఊరికి తోల్నవు సారూ?"

నవ్వు వచ్చింది. "ఎక్కడికీ తోలలేదక్కా. ఈసారి నిజంగనే ఆపినం. పొగలున్న గంధకమంత సున్నం నీళ్లల్ల కలిసి బురదయితది, ఆ బురదను..."

ఆడికి ఆగిపోయిన. ఆ బురదను ఏడ పోస్తున్నరో నేను రిపోర్టుల రాయలే. అడగనే లేదు.

"ఆ బురదను?" అన్నది సోమక్క.

"తెల్సుకొని చెప్త అక్కా" అని ఫోను పెట్టి, చాయ కప్పు పక్కకు జరిపి, గొడుగు పట్టుకొని కట్టంగూరు బస్సుకు బయలెల్లిన.